గంటల మీటరు చూపించని లెక్క

కారుకి కిలోమీటర్లు లెక్క, ట్రాక్టరుకి గంటలు లెక్క. ఈ ముక్క ఆఫీసులో చెబితే సగంమంది నమ్మలేదు. స్టీరింగు ముందున్న డయల్లో చిన్న కిటికీ లాంటిది ఉంటుంది. ఇంజను ఇప్పటిదాకా ఎన్ని గంటలు తిరిగిందో అందులో అంకెలు పడతాయి. పొలంలో ఒకేచోట నిలబెట్టి పసుపు పాలిష్ డ్రమ్ము తిప్పినా ఇంజను అరుగుతూనే ఉంటుంది కదా, కిలోమీటర్లలో చూస్తే అది సున్నా. అందుకని గంటలు. అన్నట్టు పాత మెకానికల్ మీటర్లలో ఇంకో తమాషా ఉంది. ఇంజను నెమ్మదిగా తిరిగితే ఆ 'గంట' కూడా నెమ్మదిగా పడుతుంది. అంటే అది కొలిచేది కాలాన్ని కాదు, కష్టాన్ని. మా మేనేజర్లకి ఇలాంటి మీటరు ఒకటి కొనిపెట్టాలని ఉంది :-)

సరే, విషయానికొస్తాను. మాది నిజామాబాద్ జిల్లా సిరికొండ. చుట్టూ గుట్టలు, అడవి, మధ్యలో వరి, పసుపు, మక్క. అమెరికాలో మా టీంలో ఒకాయన తన మామగారి ఫారంలో తిరిగే చిన్న నాలుగు చక్రాల బండి ఫోటోలు చూపిస్తుంటాడు. జాన్ డీర్ గేటర్ లాంటివి, ముందు రెండు సీట్లు, వెనక చిన్న డబ్బా. మట్టిలో, బురదలో, గట్ల మీద తిరగడానికే పుట్టినవి. మన దగ్గర ఆ పనులన్నీ ఒక్క ట్రాక్టరే చేస్తుంది. దున్నుతుంది, నీళ్ళ ట్యాంకరు లాగుతుంది, వాగులో దిగి ఇసుక తెస్తుంది, వడ్లు మార్కెట్టుకి మోస్తుంది, పెళ్ళికి జనాన్ని తీసుకెళ్తుంది, వినాయకుణ్ణి నిమజ్జనానికీ తీసుకెళ్తుంది. దేవుడికి కూడా అదే బండి.

మా చిన్నాయనకి ఒక ట్రాక్టరు ఉంది. దాన్ని ఆయన చూసుకునే తీరు చూస్తే నాకు సిగ్గేస్తుంది. మా టీంలో సర్వర్లని ఇంత శ్రద్ధగా చూసుకునేవాణ్ణి ఇంతవరకూ చూళ్ళేదు. ఇంజన్ ఆయిలు 250 గంటలకి మార్చాలి. పశువుల కొట్టం గోడ మీద సుద్దతో తారీకూ, మీటరు అంకే, మళ్ళీ ఎప్పుడు మార్చాలో రాసి ఉంటాయి. రోటావేటర్ వేసే రోజుల్లో దుమ్ము ఎలా లేస్తుందో మీకు తెలిసే ఉంటుంది, ముందు వెళ్ళేవాడు వెనకవాడికి కనపడడు. పాత రకం ఎయిర్ క్లీనర్లో అడుగున గిన్నెలో ఆయిలు పోసి ఉంటుంది, లోపలికొచ్చే గాలిలోని దుమ్ము ఆ ఆయిల్లో చిక్కుకుపోతుంది. చిన్నాయన పొద్దున్నే ఆ గిన్నె విప్పి చూస్తాడు. ఆయిలు చిక్కబడి అడుగున బురద కట్టి ఉంటే కడిగి కొత్తది పోస్తాడు. ఆ దుమ్ము ఇంజన్లోకి వెళ్తే పిస్టన్ రింగులు గరుకుకాగితం మీద రుద్దినట్టు అరిగిపోతాయని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. డీజిల్ ఫిల్టర్ కింద చేరిన నీళ్ళు వదలడం, రేడియేటర్ జాలీలో ఇరుక్కున్న గడ్డీ పొట్టూ ఊదేయడం, ఫ్యాన్ బెల్టుని బొటనవేలితో నొక్కి వదులైందేమో చూడటం, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్... ఇవన్నీ టీ చల్లారేలోపు అయిపోతాయి. ఏ చెక్‌లిస్టూ లేదు, చేతులకే అలవాటు.

ఈసారి పసుపు తవ్వకాలప్పుడు వారం రోజులు ఇంటి నుంచి పని పెట్టుకుని ఊళ్ళో ఉన్నాను. (మధ్యాహ్నం కరెంటు పోతే మీటింగు ఉండదు, అదో సుఖం.) ఖాళీ సమయంలో అదే ట్రాక్టరు వెనక్కి వెళ్ళి చూశాను. ముందు భాగాన్ని చూసుకునేది ఒకరు, వెనక భాగాన్ని చూసుకునేది ఇంకొకరు అన్నట్టుంది. కాకపోతే ఆ ఇంకొకరు ఎవరూ లేరు.

మొదటిది బ్రేకులు. ట్రాక్టరు నడపనివాళ్ళ కోసం చెబుతున్నాను, దానికి రెండు బ్రేకు పెడళ్ళు ఉంటాయి, ఎడమ వెనక చక్రానికి ఒకటి, కుడిదానికి ఒకటి. పొలం చివర చిన్న జాగాలో మలుపు తిరగాలంటే ఒక పెడలే తొక్కుతారు, ఆ చక్రం ఆగి రెండోది చుట్టూ తిరుగుతుంది. మంచి ఏర్పాటే. కానీ రోడ్డెక్కేముందు ఆ రెండింటినీ కలిపే చిన్న ఇనుప గొళ్ళెం వేయాలి. అది వేయకుండా రోడ్డు మీద ముప్ఫై స్పీడులో ఒక్క పెడలు మీద కాలు పడిందో, బండి ఆ పక్కకి గిరుక్కున తిరిగి బోల్తా కొడుతుంది. మా ట్రాక్టరుకి ఆ గొళ్ళెం ఉంది. తుప్పు పట్టి, మట్టి కొట్టుకుపోయి, పెయింటు కూడా చెక్కుచెదరకుండా ఉంది. అంటే దాన్ని ఎన్నడూ కదపలేదని అర్థం.

రెండోది ట్రాలీని ట్రాక్టరుకి తగిలించే పిన్ను. బొటనవేలు కంటే లావుండే ఇనప కడ్డీ. మూడు నాలుగు టన్నుల బరువు దాని మీదే ఆధారపడి వస్తుంది. గతుకుల్లో అది ఎగిరి పైకి రాకుండా కింద చిన్న క్లిప్పు పెట్టాలి. ఆ క్లిప్పు ఖరీదు మహా అయితే రెండు చాయ్‌లు. మా దగ్గర దాని బదులు బైండింగ్ వైరు చుట్టి ఉంది. పిన్ను మధ్యలో ఒకవైపు అరిగి నడుము సన్నబడింది. మూడోది, వెనక తిరిగే పి.టి.ఓ. షాఫ్టు. దాని మీద ఇనుప కవరు కంపెనీ నుంచే వస్తుంది, బిగించేటప్పుడు చేతికి అడ్డమొస్తుందని మొదటి వారమే పీకేస్తారు. ఆ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి తొమ్మిది. చీర కొంగో తువ్వాలో చిక్కితే సెకనులో రెండు మీటర్ల దాకా చుట్టేసుకుంటుంది. 'అయ్యో' అనే టైము కూడా ఉండదు. పాలిష్ డ్రమ్ము దగ్గర గంపలతో తిరిగేది ఎవరో చెప్పక్కర్లేదు కదా, ఆడవాళ్ళే.

నేను ఇవన్నీ ఒకటొకటిగా చూపిస్తుంటే చిన్నాయన ఓపిగ్గా విన్నాడు. చివర్న అన్నాడు.

"ఇరవై ఏండ్ల సంది నడుపుతున్న బిడ్డా. ఎన్నడన్న ఏమన్న అయ్యిందారా?"

మా భాషలో దీన్ని 'నా మెషీన్లో బాగానే నడుస్తోంది కదా' అనే వాదన అంటారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళం దీనికి నవ్వకూడదు, మనం రోజూ ఇదే చెప్పి తప్పించుకుంటాం.

దీని గురించి వారమంతా ఆలోచించాను. చదువు లేక అనడానికి లేదు, ఎయిర్ క్లీనర్ గురించి ఆయన నాకు పాఠం చెప్పగలడు. బద్ధకమూ కాదు. నాకు తోచింది ఇది: ఫిల్టరు మూసుకుపోతే నష్టం చిన్నాయనది. ఇంజను బోరుకొస్తే వేలకి వేలు, పైగా సీజన్లో బండి ఆగిపోతుంది. పిన్ను విరిగితే నష్టం ట్రాలీలో కూర్చున్నవాళ్ళది. పానా ఆయన చేతిలో ఉంది, ప్రాణం వాళ్ళది. ఏ పరీక్షలు రోజూ జరుగుతాయి, ఏవి ఎప్పటికీ జరగవు అన్నది అక్కడే తేలిపోతుంది.

ఇలా అంటే మా చిన్నాయన ఏదో కఠినాత్ముడని మీరనుకోవచ్చు. కాదు. బోల్తా కొడితే మొదట నలిగేది సీట్లో ఉన్న ఆయనే. కాబట్టి నా సిద్ధాంతం సగమే. మిగతా సగం ఏమిటంటే, ఇంజను మాట్లాడుతుంది. నల్లపొగ వదులుతుంది, వేడెక్కుతుంది, శబ్దం మారుతుంది, 'నన్ను చూడు' అంటుంది. పిన్ను ఏమీ మాట్లాడదు. విరిగే రోజు దాకా ఎంత అరిగినా పనిచేస్తూనే ఉంటుంది. అలాంటి వాటినే పనిగట్టుకుని, ఏ అనుమానమూ లేనప్పుడు చూడాలి. మనిషికి అది చేతకాదు, అందుకే విమానాలకీ లారీలకీ ఎవరో ఒకరు బయటినుంచి వచ్చి చూసే ఏర్పాటు పెట్టారు.

ట్రాక్టరుకి ఆ ఏర్పాటు లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో వ్యవసాయ ట్రాక్టరు ట్రాన్స్‌పోర్ట్ వాహనం కిందికి రాదు. పంట సామాను మోసే ట్రాలీని లాగేది అని దాని నిర్వచనంలోనే ఉంది. కాబట్టి లారీలా మాటిమాటికీ ఫిట్‌నెస్ పరీక్షకి వెళ్ళే పనిలేదు. రైతు నెత్తిన ఇంకో ఆఫీసు, ఇంకో లంచం ఎందుకని అనుకుంటే సబబే. కానీ ఆ నిర్వచనంలో ఉన్నది పంట సామాను, మనుషులు కాదు. రోజూ పొద్దున ఆరున్నరకి మా ఊరి నుంచి కదిలే ట్రాలీల్లో ఏమున్నాయో మీరు చూస్తే...

ఆ ట్రాలీ గురించి కాస్త చెప్పాలి, దానికో చరిత్ర ఉంది. చిన్నాయన దాన్ని కొత్తగా చేయించలేదు, బోధన్ వైపు మా మేనమామ దగ్గర కొన్నాడు. 1930ల చివర్లో నిజాం కాలంలో మొదలైన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్ళు. నా చిన్నప్పుడు సెలవులకి వెళ్తే శక్కర్‌నగర్ రోడ్డు మీద చెరకు బండ్ల వరస, ఆ తియ్యటి పులిసిన వాసన ఇంకా గుర్తే. మామయ్య చెరకు తోలేవాడు. ఆయన బయల్దేరేముందు సుత్తి తీసుకుని ప్రతి పిన్నునీ, పట్టీల యు-బోల్టులనీ కొట్టి చప్పుడు వినేవాడు. బిగువుగా ఉంటే ఖంగుమంటుంది, వదులైతే బొద్దుగా మోగుతుంది. ఎందుకంత జాగ్రత్త అంటే, దారిలో ట్రాలీ విరిగితే వరసలో వంతు పోతుంది, ఎండలో చెరకు బరువు తగ్గుతుంది. తగ్గిన ప్రతి కిలో ఆయన జేబులోంచే. నా సిద్ధాంతానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

2015 డిసెంబర్లో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు వేసేవాళ్ళు కొందరు కామారెడ్డి వైపు ఫ్యాక్టరీలకు పంపడం మొదలుపెట్టారు, చాలామంది వరికి మారిపోయారు. మామయ్య ట్రాలీ రెండేళ్ళు వేపచెట్టు కింద ఎండకీ వానకీ పడి ఉండి, తర్వాత సిరికొండకి వచ్చింది. ట్రాలీ వచ్చింది గానీ దానితో ఆ సుత్తి రాలేదు. చెరకు మోసే ట్రాలీకి బ్రేకులు లేకపోతే ఏమైంది, పడితే చెరకే కదా పడేది అన్నట్టు కట్టిన బండి అది. ఇప్పుడు అందులో పసుపు తవ్వడానికి, నాట్లకి కైకిలోళ్ళు వెళ్తున్నారు. పద్నాలుగు, పదహారు మంది. ఒకరిద్దరు మడ్‌గార్డు మీద, చక్రానికి జానెడు దూరంలో.

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు, దాదాపు అంతా ఆడవాళ్ళే. మనకి మరీ దగ్గర్లో, 2025 ఏప్రిల్ 4న నాందేడ్ జిల్లా ఆలేగావ్ దగ్గర ట్రాక్టరు ట్రాలీతో సహా బావిలో పడి ఏడుగురు ఆడవాళ్ళు పోయారు. వాళ్ళు కూడా పసుపు పనికే వెళ్తున్నారు. బోధన్ నుంచి నాందేడ్ ఎంత దూరం? మన పసుపూ వాళ్ళ పసుపూ ఒకటే. 2025లోనే నిజామాబాద్‌కి జాతీయ పసుపు బోర్డు వచ్చింది, సంతోషమే. ధర గురించి, ఎగుమతి గురించి బోలెడు మాట్లాడారు. ఆ పసుపు తవ్వేవాళ్ళు పొలానికి ఎలా వెళ్తారన్నది కూడా అందులో ఒక మాటయితే బాగుండును.

ఇలాంటివి జరిగినప్పుడల్లా డ్రైవరుది నిర్లక్ష్యం అని ఒక ముక్క పేపర్లో వస్తుంది. ఉండొచ్చు. కానీ బ్రేకు వెనక చక్రాలకి మాత్రమే ఉన్న రెండు టన్నుల బండి, బ్రేకే లేని ఇంకో మూడు టన్నుల బండిని లాక్కుంటూ వాగు దిగుతోంది అనుకోండి. డ్రైవరు బ్రేకు కొట్టగానే వెనకది ఆగదు, ముందుదాన్ని నెడుతుంది. రెండూ మధ్యలో కత్తెరలా మడుచుకుపోతాయి. డీజిలు ఆదా అని దిగుడులో న్యూట్రల్ కొట్టే మహానుభావులు ఉన్నారు, వాళ్ళకి ఇంజను పట్టు కూడా ఉండదు. దానికితోడు మన పాత ట్రాక్టర్లలో చాలావాటికి పొడి డిస్కు బ్రేకులు. కప్పలవాగులో చక్రాలు మునిగి లేచాక కాసేపు అవి పట్టవు. ఒడ్డెక్కాక నెమ్మదిగా పోతూ నాలుగైదుసార్లు బ్రేకు మెల్లగా తొక్కి ఆరబెట్టుకోవాలి.

స్వీడన్ వాళ్ళు 1959లోనే కొత్త ట్రాక్టర్లన్నిటికీ బోల్తా పడినా డ్రైవరు నలగకుండా కాపాడే గట్టి ఇనుప చట్రం తప్పనిసరి చేశారు. చట్రం ఉంటే సీటు బెల్టు పెట్టుకోవాలి, చట్రం లేని బండికి బెల్టు కట్టుకోవడం ఇంకా ప్రమాదం, దూకే అవకాశం కూడా పోతుంది. మన ట్రాక్టర్ల మీదా చట్రం ఉంటుంది, దానికి ఎండ తగలకుండా గుడ్డ, ముందు నల్ల కుచ్చులు. ట్రాక్టరు తిరగబడితే అది గొడుగులా మడుచుకుంటుంది. ఇక మా మిత్రుడి మామగారి గేటరు లాంటి బండి వెనక డబ్బా మీద, ఇందులో మనుషులు ఎక్కరాదు అని స్టిక్కరు ఉంటుందట. మన ట్రాలీ మీద ఏం రాసుంటుందో మీకు తెలుసు: 'తల్లిదండ్రుల దీవెన'.

అయితే మనుషుల్ని ఎక్కించుకోవద్దు అనడం నాకు తేలికే. హైదరాబాద్‌లో క్యాబులో తిరిగేవాణ్ణి. ఆ మాటే అంటే, ట్రాలీ ఎక్కబోతున్న ఒక పెద్దమ్మ నా వంక వింతగా చూసింది.

"నడిసిపోతే గంట వడ్తది బిడ్డా. గా గంట కైకిలి ఎవలిస్తరు, నువ్విస్తవా?"

నా దగ్గర జవాబు లేదు. చిన్నాయన దగ్గర మాత్రం లెక్క ఉంది. పదహారు మందికి రెండు ఆటోలు, పోనూ రానూ. సాలంతా లెక్కేస్తే పసుపు మీద మిగిలేదాంట్లో కోత. "మార్కెట్ల రేటు నాకు పెంచమను, రేపటి సంది ఏసీ బస్సుల తోల్కపోత," అన్నాడు. అదీ నిజమే. పైగా పక్క పొలం ఆయన ట్రాలీలో తీసుకెళ్తుంటే ఈయన ఒక్కడే ఆటో పెడితే ఊరు నవ్వుతుంది. ట్రాలీలో మనుషులుండగా ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొట్టమొదట పట్టుకునే పాయింటు అదేనని చెప్పాను. ఈ ఒక్క మాటకే ఆయన కాస్త ఆలోచనలో పడ్డాడు. చూశారా, మళ్ళీ జేబు దగ్గరికే వచ్చాం.

చివరికి ఆదివారం పొద్దున ఇద్దరం కూర్చున్నాం. గొళ్ళేనికి డీజిలు పోసి, సుత్తితో తట్టి కదిలించాం, ఇప్పుడు పడుతోంది. ఖాళీ రోడ్డు మీద బండిని కాస్త వేగంగా పోనిచ్చి రెండు పెడళ్ళూ కలిపి తొక్కితే మట్టిలో రెండు చక్రాల గీతలూ సమానంగా పడాలి. కుడిది మూరెడు పొట్టిగా పడింది. రాడ్డు బిగించి మళ్ళీ చూస్తే సరిపోయింది. చిన్నాయనకి ఈ పరీక్ష తెగ నచ్చింది, పక్కింటాయన్ని పిలిచి ఆయన బండి గీతలు కూడా కొలిపించాడు. పిన్నూ క్లిప్పూ నిజామాబాద్‌లో కొత్తవి తెచ్చాం. ట్రాలీ వెనకా పక్కలా ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటించాం, వడ్ల బస్తాలు వేలాడినా కనపడేలా కొంచెం కిందికి. ముందు చక్రాలు జాకీ మీద లేపి చేత్తో ఊపితే ఎడమదాంట్లో ఆట ఉంది, మేస్త్రీకి చెప్పాం. షాఫ్టు కవరు మాత్రం దొరకలేదు, షోరూంలో ఆర్డరు పెట్టమన్నారు. నలభై నిమిషాల పని మొత్తం.

ఇప్పుడు కొట్టం గోడ మీద ఆయిలు లెక్క పక్కనే ఇంకో గీత గీశాడు చిన్నాయన, పిన్ను మార్చిన తారీకు. మడ్‌గార్డు మీద ఎవర్నీ కూర్చోనీయడం లేదట, డ్రైవరు పిల్లాడు ఒకటి రెండుసార్లు బండి కదపనని మొండికేశాడని పిన్ని ఫోన్లో చెప్పింది. ట్రాలీలో వెళ్ళడం మాత్రం ఆగలేదు. ఒక ఆటో సగం డబ్బు నేనిస్తాను, ముసలివాళ్ళనీ పిల్లతల్లుల్నీ అందులో పంపమన్నాను. చూద్దాం అన్నాడు. పసుపు తవ్వకాలు అయిపోయాయి కాబట్టి ఆ 'చూద్దాం' వానాకాలం నాట్లప్పుడు తేలాలి. షాఫ్టు కవరు వచ్చిందా అని మొన్న అడిగితే, వచ్చింది, అటక మీద ఉందన్నాడు.